చలివేంద్రం ముందు లెక్కకుండ

అనగనగా, అంకెలు ఇంకా అద్దాల మీద తిరగడం నేర్చుకోని రోజుల్లో జరిగిన మాట ఇది. ఇప్పుడైతే మీ అన్నయ్య ఒక వెబ్‌సైటు పెడతాడు. దాని అడుగున "ఇంతమంది వచ్చి చూశారు" అని ఒక లెక్క తగిలిస్తాడు. పొద్దున లేచి పళ్ళయినా తోముకోకుండా ఆ అంకె చూసుకుంటాడు. నవ్వకండర్రా! ఆ యావ ఈనాటిది కాదు. ఆ అంకెకి ముత్తవ్వ లాంటి కుండ ఒకటి ఉండేది. దాని సంగతే చెబుతా, ఇలా దగ్గరికి జరగండి.

సోమకేతు మహారాజు ఏలే మన్నెపురం రాజ్యంలో కొండ మీదుగా ఒక పొడవాటి రాతిబాట ఉండేది. ఎండాకాలంలో దాని మీద కాలు పెడితే బొబ్బలే. ఆ బాట మలుపులో తాటాకు పందిరి వేసి ఆదెమ్మ అనే ఇల్లాలు చలివేంద్రం నడిపేది. తడి ఇసుక మీద కుండలు, కుండల్లో వట్టివేళ్ళు, చేతిలో రాగి ముంత. దూరాన మనిషి నీడ కనబడితే చాలు, ముంత పట్టుకుని తనే ఎదురు వెళ్ళేది.

"రా నాయనా, ముందు కూచో. ఆయాసం తీరాక తాగుదువుగాని" అనేది.

నీళ్ళు మోసేవాడు ఆమె మొగుడు గురవయ్య. కొండ దిగువ వాగులో చెలమ తోడుకుని, కావడి భుజాన వేసుకుని రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉండేవాడు. ఏళ్ళ తరబడి మోసి మోసి ఆ భుజం కాయకట్టింది. ఈ ఏడు వాచింది కూడా. ఆదెమ్మ ఆముదం రాస్తూ, "ఇంకో ఎండాకాలం ఈ భుజం మొయ్యదు మావా" అంది.

"మొయ్యకపోతే ఏముందే, పందిరి పీకెయ్యడమే" అన్నాడు గురవయ్య. అని తల పక్కకి తిప్పుకున్నాడు. ఆదెమ్మకి ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే రాజుగారి చాటింపు వినబడింది. "అహో! ఈ బాట మీద రాజుగారు బావి తవ్విస్తారహో! రాతినేల కాబట్టి ఒక్క బావే! ఏ చలివేంద్రానికి బాటసారులు ఎక్కువ వస్తే ఆ చలివేంద్రం దగ్గరేనహో!"

వెనకే మంత్రిగారి మనుషులు వచ్చి ప్రతి చలివేంద్రం ముందూ ఒక సన్నమూతి కుండ పెట్టారు. పక్కన చింతపిక్కల గంప పెట్టారు. నీళ్ళు తాగినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కొక్క పిక్క కుండలో వెయ్యాలి. ఎండలు తగ్గాక రాజుగారే వచ్చి చూస్తారు. దానికి లెక్కకుండ అని పేరు పెట్టారు.

ఆదెమ్మ ఆ కుండకి దణ్ణం పెట్టుకుంది. బావి వస్తే కావడి అటకెక్కుతుంది. మొగుడి భుజం బాగుపడుతుంది. అంతకంటే ఆమె ఇంకేమీ కోరలేదు పాపం.

ఈ చాటింపు బాట మొదట్లో ఉన్న పేరయ్య షావుకారు కూడా విన్నాడు. ఆయనకి బాట పక్కనే మామిడితోట ఉంది. బావి అక్కడ పడితే తోటకి నీళ్ళే నీళ్ళు! అంతే, పుట్టి బుద్ధెరిగి ఒక్కరికి గుక్కెడు నీళ్ళు పొయ్యని మహానుభావుడు తెల్లారేసరికి చలివేంద్రం తెరిచాడు. పదిరోజులు తిరక్కుండానే, "పేరయ్య కుండ నిండిందట, రెండో కుండ పెట్టారట" అని బాటంతా పుకారు.

ఆ మాట చెవినపడ్డ రోజు ఆదెమ్మకి అన్నం సయించలేదు. తన కుండ ఊపి చూసింది. సగం కూడా లేదు.

ఇక మొదలైంది చూడండి.

మొదట, మేకలు కాసే ముసలాయన దారినపోతూ మళ్ళీ వచ్చాడు. ఆదెమ్మ అతని చేతిలో పిక్క పెట్టి, "వెయ్యి తాతా" అంది. "పొద్దున వేశాగా తల్లీ" అన్నాడాయన. "మళ్ళీ దాహమేసిందిగా, మళ్ళీ వెయ్యి!" అంది.

తరవాత, తను గుక్క తాగినప్పుడల్లా తనే ఒక పిక్క వేసింది. మొగుడు తాగితే అతని చేతా వేయించింది. "ఇదేం లెక్కే?" అన్నాడు గురవయ్య. "ఏం, మనవి నోళ్ళు కావా?" అంది.

ఆ తరవాత కోతులు వచ్చాయి. మనుషులు పిక్కలు వెయ్యడం రోజూ చూస్తున్నాయిగా, ఒకటి వచ్చి అలాగే ఒక పిక్క తీసి టక్కున కుండలో వేసింది. ఆదెమ్మ పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నాలుగు నానిన శనగలు దాని ముందు పడేసింది. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. మర్నాటికి కొండ మీది కోతులన్నీ పందిరి ముందే కాపరం పెట్టాయి. పిక్క వెయ్యడం, శనగ అందుకోవడం. టక్, టక్, టక్!

"ఒసే ఆదీ, కోతులకి కూడా బావి తవ్విస్తావా ఏం?" అన్నాడు గురవయ్య.

"నీకోసమే మావా! నీ భుజం కోసమే" అంది ఆదెమ్మ. అందులో అబద్ధం లేదు. కానీ పిల్లలూ, అప్పట్నుంచి ఆమె మలుపు వైపు చూడడం మానేసింది. చెవి ఎప్పుడూ కుండ మీదే. టక్‌మంటే మొహం వెలిగేది, చప్పుడు ఆగితే దిగులు పడేది.

ఎండాకాలం ఆఖర్లో ఒక మిట్టమధ్యాహ్నం. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆదెమ్మ వీపు బాటకి తిప్పి కోతులకి శనగలు వేస్తోంది. కావడితో కొండెక్కి వచ్చిన గురవయ్య గావుకేక పెట్టాడు.

"ఆదీ! అటు చూడవే!"

పందిరికి నాలుగు అడుగుల దూరంలో, మండే రాతి మీద, చంటిపిల్లని ఒళ్ళో పొదువుకుని ఒక పడుచు పడిపోయి ఉంది. పెదవులు పగిలిపోయాయి. పిల్ల ఏడవడానికి కూడా ఓపిక లేక వేలాడిపోతోంది.

ఆదెమ్మ ముంత పట్టుకుని పరుగెత్తింది. పిల్ల నోట్లో చుక్క చుక్కగా పోసింది. తల్లి మొహం తడిపింది, పమిటతో విసిరింది. చాలాసేపటికి ఆ పడుచు కళ్ళు తెరిచింది.

"పిలిచానమ్మా," అంది మెల్లిగా, "మలుపు దగ్గర్నుంచీ పిలుస్తూనే ఉన్నాను. ఏదో టకటకమని చప్పుడు. మీకు వినబడలేదేమో."

ఆ మాట ఆదెమ్మకి చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఏళ్ళ తరబడి నీడ కనబడితే ఎదురు వెళ్ళిన మనిషి, కళ్ళముందు బిడ్డతల్లి కూలిపోతే చూడలేదు. "అయ్యో, నా కళ్ళు పోనూ!" అని ఆ పిల్లని గుండెకి హత్తుకుని గొల్లుమంది.

తల్లీపిల్లా తేరుకుని, మూటలో అటుకులు కట్టించుకుని, చల్లబడ్డాక వెళ్ళారు. వాళ్ళు మలుపు తిరగ్గానే ఆదెమ్మ లెక్కకుండ ఎత్తి, లోపలున్న పిక్కలన్నీ పల్లంలో గుమ్మరించింది.

"నీకేమైనా పిచ్చా! వారంలో రాజుగారొస్తున్నారు!" అని గురవయ్య నెత్తి కొట్టుకున్నాడు.

"ఇందులో ఏది మనిషిదో ఏది కోతిదో ఏరగలవా మావా? నేను ఏరలేను." ఆదెమ్మ వెక్కివెక్కి ఏడుస్తోంది. "నీ భుజం బాగుపడాలని మొదలెట్టాను. మనిషి ప్రాణం మీదికి తెచ్చాను. ఇలాంటి బావి మనకొద్దు. నన్ను తిట్టు మావా, పడతాను."

గురవయ్య తిట్టలేదు. వాచిన భుజం ఒకసారి తడుముకున్నాడు. "సర్లే, ఏడవకు. నీళ్ళు నిండుకున్నాయి, ఇంకో కావడి తెస్తా" అని కొండ దిగిపోయాడు. అలా దిగుతున్న మొగుణ్ణి ఆదెమ్మ కనబడినంతసేపూ చూసింది. అయినా కుండ కడిగి బోర్లించి, ఆరాక మళ్ళీ పెట్టింది. మర్నాటి నుంచి కోతుల్ని కర్రతో అదిలించింది, తాతకి రోజుకి ఒక్క పిక్కే ఇచ్చింది, ముంత పట్టుకుని మలుపులో నిలబడింది.

వారానికి సోమకేతు మహారాజు మంత్రితో వచ్చాడు. పేరయ్య రెండు కుండలూ పసుపు రాయించి, పూలదండలు వేయించి, బండి మీద ఆదెమ్మ పందిరి దగ్గరికే మోయించుకొచ్చాడు. మూతిదాకా పిక్కలే. ఆదెమ్మ కుండలో అడుగు కూడా సరిగ్గా కప్పలేదు. చుట్టూ చేరిన జనం నవ్వారు.

"ఏమ్మా, నీ దగ్గరికి ఇంతేనా వచ్చింది?" అన్నాడు రాజు.

ఆదెమ్మ చేతులు కట్టుకుని అంతా చెప్పింది. తాత చేత మళ్ళీ వేయించడం, తాము వేసుకోవడం, కోతుల చేత వేయించడం, బిడ్డతల్లి పడిపోవడం, ఏదీ దాచలేదు. "ఇవి ఈ వారంలో తాగిన మనుషులవి దొరా. ముందటి లెక్క నాకు తెలియదు. తప్పు నాదే, ఈయనకేం పాపం తెలియదు" అంది.

"విన్నారా ప్రభూ! కోతుల చేత పిక్కలు వేయించిన మనిషి మాట నమ్ముతారా?" అని పేరయ్య ఎగిరాడు.

"ఆవిడ అడక్కుండానే చెప్పింది. నువ్వు అడిగితే చెబుతావేమో చూద్దాం" అన్నాడు రాజు. "ఇంతమందికి నీళ్ళు ఎలా తెచ్చావయ్యా?"

"బండి మీద పీపాతో ప్రభూ."

రాజు బండివాడి వైపు తిరిగాడు. "రోజుకి ఎన్ని పీపాలు తోలావు?"

బండివాడికి లోకం తీరు తెలియదు. "రెండ్రోజులకొకటి దొరా. అదీ మిగిలిపోతే మామిడిచెట్లకి పోసేవాణ్ణి" అనేశాడు.

"ఓహో! ఈ పిక్కలన్నీ మనుషులే అయితే తలకొక చుక్క కూడా రాదే!" అన్నాడు రాజు. జనం గొల్లున నవ్వారు. పేరయ్య తేలుకుట్టిన దొంగలా జనం వెనక్కి జారుకున్నాడు.

మంత్రి నెమ్మదిగా అడిగాడు, "మరి ఈవిడ కుండలో పిక్కలు తక్కువగదా ప్రభూ, బావి ఎలా ఇస్తాం?"

"ఒక్క వారం నిజం చేతిలో ఉంటే ఎండాకాలమంతటికీ లెక్క కట్టొచ్చు మంత్రీ. ఎండాకాలమంతా అబద్ధం పోగేస్తే అందులోంచి ఒక్క రోజు లెక్క కూడా తియ్యలేం. పీపా లెక్కన ఆయన దగ్గర తాగినవాళ్ళెందరో చూడు, ఈ కుండలోవి ఎన్నో చూడు."

మంత్రి లెక్క కట్టాడు. సందేహమే లేదు, బాటసారులు ఎక్కువ ఆగేది ఆదెమ్మ మలుపులోనే.

"బావి ఇక్కడే" అన్నాడు రాజు. గురవయ్య ఆ మాట విని కావడి దించి, నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆదెమ్మ అతని పక్కన చేరి, ఆ భుజం మీద చెయ్యి వేసి కూచుంది.

మంత్రి వెళ్ళబోతూ, "బావి దగ్గర కూడా లెక్కకుండ పెట్టించమంటావా అమ్మా?" అన్నాడు.

"పెట్టించండి బాబూ, మీకు లెక్క కావాలిగా" అంది ఆదెమ్మ. "కానీ కాస్త దూరంగా, దాని చప్పుడు నాకు వినబడని చోట పెట్టించండి."

అదీ సంగతి. కథ కంచికెళ్ళింది, మనం నిద్రకి వెళదాం. ఒక్క మాట మాత్రం మూటగట్టుకోండి: వచ్చినవాళ్ళని లెక్కపెట్టడం తప్పు కాదు, లెక్కలో పడి వచ్చినవాళ్ళని చూడకపోవడమే తప్పు.