ఊ కొట్టిన నేరం

ఒకానొక రాజ్యంలో కథ చెప్పినవారిని వదిలేసి, విన్నవారిని పట్టుకుని శిక్షించేవారు. ఆ చట్టం గజపాల మహారాజు సొంత తెలివి. గుర్రాల బేరగాడొకడు ముసలి గుర్రానికి రంగు పూసి ఆయనకు అంటగట్టాడు. దాంతో, జిత్తులమారి కథలు విని జనం మోసాలు నేర్చుకుంటున్నారని రాజు తేల్చేశాడు.

"ఊ కొట్టేవాడు లేకపోతే చెప్పేవాడు తానే నోరు మూసుకుంటాడు. ఊ కొట్టినవాడికి దేశబహిష్కారం!" అని చాటింపు వేయించి, ఇంత సూక్ష్మం ఇంకెవరికి తడుతుందని మీసం దువ్వుకున్నాడు.

దుగ్గమ్మ ఊరూరా కథలు చెప్పుకుని బతికే మనిషి. తమ్ముడు అప్పలసూరి పక్కన కూర్చుని ఊ కొడితేగాని ఆమెకు కథ సాగదు. అతణ్ణి భటులు పట్టుకుపోయారు. రేపు పొలిమేర దాటిస్తారనగా దుగ్గమ్మ చద్దిమూట కట్టుకుని కోటకు నడిచింది. తమ్ముడు లేకుండా వెనక్కి తిరిగేది లేదని గడప దాటేటప్పుడే అనుకుంది.

"తమ్ముడి మాటైతే ఎత్తకు," అన్నాడు రాజు, ఆమెను సభలో చూడగానే.

"కాదు దొరా. ఇద్దరు మోసగాళ్ళున్నారు. తమరు తీర్పు చెబితే చాలు."

తీర్పు అనేసరికి రాజు సర్దుకుని కూర్చున్నాడు.

"ఏటి ఒడ్డున ఒకడు, పొరుగు ఇల్లాలితో 'గాలివాన వస్తోంది, నీ గూడు నిలవదు, పిల్లల్ని నా దగ్గర ఉంచు' అన్నాడు."

"ఊ," అన్నాడు రాజు.

"నమ్మి ఉంచింది. తిరిగొచ్చేసరికి పిల్లల్లేరు. వాడు బొజ్జ నిమురుకుంటున్నాడు."

"ఊఁ... దుర్మార్గుడు. రెండోవాడు?"

"రెండోవాడి పేటమీద ఒక బలిసినవాడు పడి రోజుకో ప్రాణం తీస్తున్నాడు."

"ఊ."

"వీడు తన బొచ్చు తానే పీక్కుని ఎదురెళ్ళాడు. 'అయ్యా, మాకు అంటురోగం. ముట్టుకున్నవాడికీ ఇదే గతి' అన్నాడు."

దుగ్గమ్మ ఆగి, తాపీగా చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఊ, ఊ... వాడు నమ్మాడా?" రాజు సింహాసనం అంచుకి జరిగాడు.

"నమ్మి పరుగు లంకించుకున్నాడు. ఇద్దరూ అబద్ధమే ఆడారు దొరా. తీర్పు?"

"మొదటివాడికి ఉరి. వాడిది పొట్టకోసం ఆడిన అబద్ధం. రెండోవాడిది పదిమంది ప్రాణాల కోసం. వాడికి సన్మానం చెయ్యాలి."

"మొదటిది నక్క, రెండోది కుందేలు. మా అమ్మ చెప్పిన కథలే. తమరు ఊ కొట్టడం సభంతా విన్నది. రేపు పొలిమేర దాటేటప్పుడు తమరు తోడుంటే మావాడికి దిగులుండదు."

రాజు మొహం కందగడ్డ అయింది. దుగ్గమ్మ మాత్రం తల దించలేదు.

"నన్నే మోసం చేశావు," అన్నాడు రాజు చివరికి. "ఇంతకీ నువ్వు నక్కవా, కుందేలువా?"

"తమ్ముణ్ణి తీసుకుపోతే కుందేలును. అంతకు మించి గవ్వ అడిగితే నక్కను."

రాజుకి ముందు మీసం అదిరింది, తరవాత పొట్ట కదిలింది. పకపకా నవ్వి, చట్టం రద్దుచేసి అప్పలసూరిని రప్పించాడు. తన భుజాన ఉన్న పట్టుశాలువా తీసి, "ఇది నీకిస్తే నిన్ను నక్కను చేసినవాణ్ణవుతాను," అంటూ అప్పలసూరికి కప్పాడు.

ఏం జరిగిందో తెలియక అతను అక్క వంక చూశాడు.

"కప్పుకోరా," అంది దుగ్గమ్మ. "ఇవాళ నీ పని రాజుగారు చేసిపెట్టారు."