తమరి దయ వల్ల

పరాంకుశం గారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. ఆయన దగ్గర వైద్యం చదువుకున్న మాకందరికీ ఇది తెలిసిన సంగతే. కాలేజీలో పాఠం చెప్పే రోజుల్లోనూ అంతే, రిటైరై కోనసీమలో సొంత ఊరు చేరుకున్నాకా అంతే. ప్రశ్న సాంతం వింటారు, "చూద్దాం" అంటారు, లేచి ఎటో నడుస్తారు. ఆయన ఎటు నడిస్తే మేమూ అటు నడవాలి. దారిలో ఏదో ఒకటి జరుగుతుంది. దాన్ని చూసి ఎవరికి అర్థమైనంత వాళ్ళు పట్టుకుపోవాలి. పరీక్షల్లో మార్కులు తెచ్చుకోవడానికి ఈ పద్ధతి ఎందుకూ పనికిరాదని అప్పట్లో నేను చాలాసార్లు విసుక్కున్నాను.

ఒక ఆదివారం సాయంత్రం నేను ఆయనింట్లో ఉండగా హిమజ వచ్చింది. నా తరవాత చాలా ఏళ్ళకు ఆయన దగ్గర చదువుకున్న పిల్ల. పక్క టౌనులో కాలవ ఒడ్డునున్న ఆసుపత్రిలో పనిచేస్తోంది. అక్కడ షుగరు జబ్బుకి కొత్తగా కనిపెట్టిన బిళ్ళ మీద పరిశోధన జరుగుతోంది. తమంతట తాము ముందుకొచ్చిన రోగులను చూసుకోవడం హిమజ బాధ్యత. వాళ్ళు పాత మందులు మానక్కర్లేదు. వాటికి తోడుగా రోజూ పొద్దున్న ఒక బిళ్ళ వేసుకుంటారు. కొందరి బిళ్ళలో కొత్త మందు ఉంటుంది, కొందరిది ఏమీ లేని ఉత్త బిళ్ళ. ఎవరిది ఏదో వేసుకునేవాళ్ళకీ తెలియదు, ఇచ్చే హిమజకీ తెలియదు. అలా తెలియకుండా ఉంచితేనే మందు గుణం నికరంగా తేలుతుంది.

మనిషి సగమైపోయి ఉంది. చేతికిచ్చిన కాఫీని అలాగే పట్టుకుని చల్లార్చేసింది.

"గురువుగారూ, నేను ఏదీ దాచడం లేదు. ఉత్త బిళ్ళ కావచ్చని చెబుతున్నాను. కొత్త మందైతే ఒంటికి తేడా చేసినా చెయ్యవచ్చని చెబుతున్నాను. వద్దనుకుంటే ఎప్పుడైనా మానెయ్యవచ్చని చెబుతున్నాను. అంతా విని, 'మీరు చెప్పాక ఇంకేముందమ్మా' అని సంతకం పెట్టేస్తున్నారు. కాగితం చూసి కాదు, నా మొహం చూసి పెడుతున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. నేను వాళ్ళను మోసం చేస్తున్నానా?"

ఊరుకోవడం నాకు ఏనాడూ చేతకాలేదు. నియమాలనీ, కమిటీలనీ, రోగి హక్కులనీ మొదలుపెట్టాను. గురువుగారు నా వంక ఒక చూపు చూశారు. నోరు మూసుకున్నాను.

"వాళ్ళు నీ దగ్గరికి ఎప్పుడొస్తారమ్మా?" అని అడిగారు.

"రేపు పొద్దున్నేనండి."

"చూద్దాం," అన్నారు.

మర్నాడు నా కారులోనే వెళ్ళాం. హిమజ గదికి వెళ్ళకుండా ఆయన తిన్నగా వరండాలో రోగులు కూచునే బెంచీ మీద చతికిలపడ్డారు. ముతక పంచె, భుజాన తువ్వాలు. చాలా ఏళ్ళుగా షుగరు ఉన్న మనిషే కాబట్టి వేషం వెయ్యాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఆయన్ని తీసుకొచ్చిన చుట్టంలా నేను పక్కన కూచున్నాను. ఇలా దొంగచాటుగా కూచోవడం నాకేమీ నచ్చలేదు. ఆ మాట అనే ధైర్యమూ లేకపోయింది.

షుగరు రోగుల బెంచీ మీద ఊరూ పేరూ తరవాత సంగతి. ముందు "మీకెంతుందండీ?" అని అడుగుతారు. గురువుగారిని అలా పలకరించినవాడి పేరు తాతబ్బాయి. యాభై దాటినవాడు, సన్నటి గట్టి మనిషి. మోచేతుల లోపలి వైపు చర్మం కాయలు కాసి ఉంది. కొబ్బరి దింపు తీస్తానని తనే చెప్పాడు. కాళ్ళకు తాడు, నడుముకు కత్తి వేసుకుని చెట్టెక్కి గెలలు కోసి పడెయ్యడం అతని పని. మా కోనసీమలో తోటలున్న ఆసాములెందరో, దింపు మనిషి దొరక్కపోతే తల పైకెత్తి కాయలు చూసుకుంటూ కూచోవలసినవాళ్ళే.

"తమరికి కూడా కొత్త బిళ్ళ రాశారాండి?" అన్నాడు.

"లేదయ్యా. ఇక్కడ వేసుకునేవాళ్ళ సంగతి ఎలా ఉందో చూద్దామని వచ్చాను. నీకెలా ఉంది?"

తాతబ్బాయి గది గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"పొద్దుటి పూట ఒళ్ళు తేలిపోతందండి. చెమటలట్టేసి చేతులు వణుకుతాయి. మొన్నయితే సగం చెట్టెక్కాక కళ్ళు చీకట్లు కమ్మేశాయి. మానుని కావలించుకుని అలాగే ఉండిపోయాను. కింద మా ఇంటిది కాయలేరుకుంటంది. ఎక్కడ కత్తి జారి దాని మీద పడిపోద్దో అని అదే భయం. ఎలాగో దిగి బెల్లం ముక్క నోట్లో ఏసుకుంటే సర్దుకుంది."

రక్తంలో షుగరు పడిపోతున్న మనిషి ఎలా ఉంటాడో మాకు పాఠాల్లో చెప్పినదంతా అతను వరసగా అప్పజెప్పాడు. అదీ తాటి ఎత్తు చెట్టు మీద. లేచి లోపలికి పరుగెత్తబోయాను. గురువుగారి చెయ్యి నా మోకాలి మీద పడింది.

"డాక్టరమ్మకి చెప్పావా?" అని అడిగారు.

"ఎలా చెప్పనండి?" అన్నాడు తాతబ్బాయి. "గుమ్మంలో అడుగెట్టగానే లేచి నిలబడి, 'రండి తాతబ్బాయిగారూ' అంటాది. మా ఊళ్ళో నన్ను గారూ అన్నోళ్ళు లేరండి. కుర్చీ చూపిత్తాది, మంచినీళ్ళిత్తాది. మా ఇంటిదాని మోకాళ్ళ నొప్పులు కూడా గుర్తెట్టుకుని అడుగుద్ది. ఆ మందు మీద ఎంత ఆశెట్టుకుందో ఏటో. ఒకరింట్లో బోయినం చేసి, కూరలో ఉప్పెక్కువైందని మొకం మీద అంటామాండి? ఆ పిల్ల మనసు నొచ్చుకోదూ? తమరు కూడా అనకండేం."

"నేను అననులే," అన్నారు గురువుగారు.

ఆయన ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. మరి ఈ తాతబ్బాయి లోపలికి వెళ్ళి, నవ్వి, కొత్త బిళ్ళలు పట్టుకుని ఇంటికి పోతాడు. రేపు పొద్దున్నే మళ్ళీ చెట్టెక్కుతాడు. నేను మాట ఇవ్వలేదు కదా, నేనే చెప్పేస్తానని గట్టిగా అనుకున్నాను. అంతలో అతన్ని లోపలికి పిలిచారు. తలుపు తెరిచే ఉంది. గురువుగారు లేచి గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డారు. వెనకే నేనూ వెళ్ళాను.

హిమజ లేచి నిలబడింది. "రండి తాతబ్బాయిగారూ. ఎలా ఉంది? ఇబ్బందులేమీ లేవు కదా?"

అతను రెండు చేతులూ జోడించాడు. "తమరి దయ వల్ల బాగుందండి."

పాపం, ఆ పిల్ల మొహం ఎంత తేలికపడిందో. ఇబ్బందులు లేవని రాసుకుంది. 'లేవు కదా' అని అడిగితే ఉన్నాయని చెప్పే మనిషి మా గోదావరి జిల్లాల్లో ఇంకా పుట్టలేదు. ఆ పిల్లా ఈ నీళ్ళు తాగి పెరిగిందే, అయినా ఆ సంగతి తోచలేదు.

"తాతబ్బాయీ, నేను లోపలికి రావచ్చా?" అని అడిగారు గురువుగారు. హిమజను అడగలేదు, అతన్నే అడిగారు.

అతను తల ఊపాడు. "రండి గురువుగారూ," అంటూ హిమజ ఎదురొచ్చేసరికి అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. బెంచీ మీద తను గుట్టు విప్పినది ఎవరి దగ్గరో అప్పటికి తెలిసింది. గురువుగారు అతని పక్కన కూచుని, ఇంటి దగ్గర మాట్లాడుకున్నట్టే అడిగారు.

"రేపు దింపు ఉందా?"

"ఉందండి. ఏటిగట్టు కింద తోటలో."

"కింద ఎవరుంటారు?"

"మా ఇంటిదేనండి."

"నువ్వు ఎక్కేముందు, ఒంట్లో ఎలా ఉందని ఆవిడ అడిగితే ఏం చెబుతావు?"

తాతబ్బాయి తల వంచుకున్నాడు.

"దాని దగ్గర దాచితే ఎలాగండి," అన్నాడు చివరికి. "కింద నిలబడేది అదే కదండీ."

హిమజ ఆయన వంకా, నా వంకా, తాతబ్బాయి వంకా చూసింది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేసింది. కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, అతని ఎదురుగా చిన్న స్టూలు లాక్కుని కూచుంది.

"తాతబ్బాయిగారూ, రేపు మీ ఆవిడ పక్కన ఆ చెట్టు కింద నేనూ నిలబడతాను. ఇప్పుడు చెప్పండి. మీరు ఎక్కవచ్చా?"

అప్పుడు చెప్పాడు. చెమటలు, వణుకు, కళ్ళు చీకట్లు కమ్మడం, అంతా చెప్పాడు. చెబుతూ ప్రతి మాటకీ ఆమె మొహం చూసి ఆగుతున్నాడు, తప్పు చేసినవాడిలా. హిమజ అప్పటికప్పుడు వేలి కొస నుంచి నెత్తురు తీసి చూసింది. షుగరు ఉండాల్సిన దానికన్నా కిందే ఉంది. పొద్దున్న ఏం తిన్నాడని అడిగితే, ఇక్కడికొచ్చే తొందరలో టీ నీళ్ళు తప్ప ఏమీ తాగలేదన్నాడు. గ్లూకోజు కలిపి దగ్గరుండి తాగించింది. ఆ బిళ్ళ ఆపెయ్యమంది. తను చెప్పేదాకా చెట్టెక్కవద్దంది. పరిశోధన నడిపించే పెద్దలకు ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఇది కొత్త మందు పనో, పాత మందుల పనో, ఖాళీ కడుపుతో చెట్టెక్కడం వల్ల వచ్చిందో ఇంకా ఎవరికీ తెలియదు. అసలు అతనిది ఉత్త బిళ్ళేనేమో, అదీ తెలియదు.

సాయంత్రం దాకా కనిపెట్టి చూడాలని అతన్ని లోపలి వార్డుకు తీసుకెళుతుంటే, గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు.

"నా వల్ల తమరి మందు చెడిపోయిందాండి?"

"అది నా మందు కాదండీ," అంది హిమజ. "మీరు చెట్టు దిగి వచ్చారు, అది చాలు." ఇంతసేపూ చట్టాలు వల్లించడానికి తయారుగా ఉన్న నా నోటికి, ఆ మనిషితో అనడానికి ఒక్క మంచి మాట కూడా దొరకలేదు.

అతను వెళ్ళాక ముగ్గురం వరండాలోకి వచ్చాం. బెంచీ మీద జనం అలాగే ఉన్నారు. డాక్టరమ్మను చూసి ఒకరి తరవాత ఒకరు లేచి నిలబడ్డారు. ఒక ముసలావిడ నవ్వుతూ చేతులు జోడించింది. ఆవిడ కళ్ళు అంతసేపటినుంచీ ఈమె కోసమే చూస్తున్నాయని తెలిసిపోతూనే ఉంది. హిమజ అక్కడే ఆగిపోయింది. తిరిగి నమస్కారం పెట్టడానికి చేతులు లేవలేదు.

"గురువుగారూ," అంది నాకు కూడా సరిగా వినపడనంత చిన్నగా. "వీళ్ళందరూ కూడా బాగుందనే చెప్పారండి."

"చెబుతారమ్మా," అన్నారు గురువుగారు. "అంత మంచిదానివి నువ్వు."