నిప్పులోంచి పరుగెత్తిన రాయి

రండి పిల్లలూ, దగ్గరికి జరిగి చాప మీద కూర్చోండి. ఆ చివర గిల్లుకుంటున్న ఇద్దరూ, మీరు కూడాను.

అనగనగా, ఆకాశం ఇప్పటికన్నా కాస్త కిందికి ఉన్న రోజుల్లో ఒక రాజ్యం. ఓ మిట్టమధ్యాహ్నం మబ్బు లేకుండానే ఉరిమింది. ఆకాశంలో పొగచార గీసుకుంటూ వచ్చి, కుమ్మరి నాంచారమ్మ బూడిదకుప్పలో ఏదో దభీమని పడి ముక్కలైంది.

"ఆ రాయి తెచ్చి చూపండి. బూటకపు రాయి తెచ్చినవారు ఊరు విడవాలి" అని రాజు చాటింపు వేయించాడు.

సాయంత్రానికి కొలువులో మూడు గంపలు. కమ్మరి మల్లాచారిది ఒకటి, షావుకారు గురవయ్యది ఒకటి, నాంచారమ్మది ఒకటి. మూడింటిలోనూ నల్లరాళ్లే.

"మా కొలిమి ముందు పడింది" అన్నాడు కమ్మరి.

"మా పెరట్లో పడింది" అన్నాడు షావుకారు.

నాంచారమ్మ తన గంపలోకి చూసుకుంది. చూసినకొద్దీ తికమక. తప్పు చెబితే నాలుగు తరాలుగా కుండలు కాలుస్తున్న ఆవం చల్లారిపోతుంది. అయినా అంది: "ఇందులో ఏది ఆకాశానిదో, ఏది మా ఆవంలో మాడిన మట్టిపెళ్లో నాకే తెలియడం లేదు దొరా. రెండూ బూడిదలో కలిసిపోయాయి."

కమ్మరి నవ్వాడు. "సొంత మట్టిని పోల్చుకోలేవు, ఇక కుండలేం చేస్తావక్కా?"

"పైపైన చూసి ఎవరు పోల్చుకుంటారు తమ్ముడూ? మేం విరిచి చూస్తాం." ఆ మాట అన్నాక ఆమెకే ఏదో తట్టింది. "ఒక సుత్తి ఇప్పించండి దొరా."

కమ్మరి రాయి పగిలింది. లోపల తేనెతుట్టెలా బొక్కలు. అది కొలిమిలో ఇనుము కాచాక మిగిలే చిట్టెం. షావుకారు రాయి పగిలింది. లోపలా పైనా ఒకటే నలుపు. అది ఏటిరాయి.

ఇక తనవి. మొదటి ముక్క, మాడిన మట్టిపెళ్ల. రెండోదీ అంతే. మూడోది విరిగింది. గుడ్డు పెంకంత పల్చని నల్లతోలు, లోపల బూడిదరంగు, అందులో తళుక్కుమనే ఇనుప రవ్వలు.

"పైన ఇంత మాడింది, లోపల కాలలేదేం?" అన్నాడు రాజు.

"నా కుండ నిప్పులో కూర్చుంటుంది, కడుపుదాకా కాలుతుంది. ఇది నిప్పులోంచి పరుగెత్తుకొచ్చింది దొరా. తోలే మాడింది."

"మరి ఎక్కడిది?"

"అది మాత్రం తెలియదు."

రాజు తల పంకించాడు. "తెలుసన్న ఇద్దరూ నన్ను తికమక పెట్టారు. తెలియదన్న నువ్వు దారి చూపావు. వాళ్లిద్దరూ ఊరు విడవాలి."

"కమ్మరిని పంపేస్తే ఈ సుత్తి మళ్లీ ఎవరు చేస్తారు దొరా?" అంది నాంచారమ్మ. షావుకారు మాట మాత్రం ఎత్తలేదు.

తెలియనిది తెలియదని ఒప్పుకున్నవారికే తెలుసుకునే దారి దొరుకుతుంది. ఇక లేవండి, ఇళ్లకు పోయి తినండి. రొట్టె పైన మాడిందని అలగకండి, విరిచి చూడండి.