పక్కన పెట్టిన వరద

పేర్రాజు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. గోదావరి గట్టు మీది ఆ విశ్వవిద్యాలయంలో ముప్ఫై ఏళ్ళుగా చరిత్ర చెబుతున్న ఆచార్యుడాయన. అడిగినవాళ్ళు ఆయన వెంట నడవాల్సిందేనని తెలిసిన శిష్యులు, ఎండ తగ్గాకే సందేహాలు అడుగుతారని అక్కడ ఒక ప్రతీతి.

ఆ శుక్రవారం సువర్చల ఎండా నీడా చూసుకునే స్థితిలో లేదు. నాలుగేళ్ళుగా ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న పిల్ల. సుమారు రెండొందల యాభై ఏళ్ళ కిందట గోదావరి నడుమ చింతలరేవు అనే లంక ఊరు వరదలో తుడిచిపెట్టుకుపోయిందని పెద్దలు చెప్పుకుంటారు గానీ, అది ఏ ఏటి మాటో ఎవరికీ తెలియదు. ఆ ఏడు తేల్చడమే తన పనిగా పెట్టుకుంది. ఒడ్డున ఉన్న ఊళ్ళ కరణాలు పూర్వం తాటాకుల మీద రాసిపెట్టిన ఊరి కవిలెలన్నీ వెతికి, దుమ్ము దులిపి, ఒక్కొక్క ఆకూ చదివింది. కళ్ళజోడు రెండుసార్లు మార్చింది. చివరికి తేల్చింది కూడా. సోమవారం సిద్ధాంత గ్రంథం సమర్పించడమే తరువాయి. సరిగ్గా అప్పుడు క్యాంటీన్‌లో ఎవరో చావు కబురు చల్లగా చెప్పారు. భూగర్భశాస్త్రం వాళ్ళ కుర్రాడొకడు అదే లంకలో మట్టి తవ్వించి, అదే వరద సంగతి తేల్చి, వచ్చే వారం సదస్సులో చెప్పబోతున్నాడట.

పరుగున వచ్చి మాస్టారి బల్ల ముందు నిలబడింది.

"మాస్టారూ, నేను చెప్పబోయేదే ఇంకొకళ్ళు కూడా చెప్పేస్తే ఇక నా పనికి విలువేముందండీ? నాలుగేళ్ళ కష్టం ఎంగిలైపోదా?"

ఆ గొంతులో ఏడుపు ఉంది. మాస్టారు చదువుతున్న పుస్తకం మూసి, బల్ల కిందకు వంగి చెప్పులు వెతుక్కున్నారు. "నీ కాగితాలు పట్టుకురా అమ్మాయ్" అని మాత్రం అన్నారు.

మట్టిని పరీక్షించే ప్రయోగశాల రోడ్డుకు అవతలి పక్కనే ఉంది. నడిస్తే మూడు నిమిషాలు. అయినా చరిత్ర వాళ్ళు ఆ గుమ్మం తొక్కి ఎన్నేళ్ళయిందో గోడలకే తెలియాలి. లోపల ఇమ్మానుయేలు అనే ఆ కుర్రాడు ఒక పొడుగాటి బల్ల ముందు వంగి ఉన్నాడు. బల్ల మీద నిలువునా చీల్చిన ప్లాస్టిక్ పైపు, అందులో లంక నేలలోంచి తీసిన మట్టి. వచ్చింది చరిత్ర వాళ్ళని గుర్తుపట్టాడు; ఆ లంక వరద మీద వాళ్ళూ పనిచేస్తున్న సంగతి అతని చెవినా పడింది. చూసిన మరుక్షణం భుజం మీది తువ్వాలు తీసి ఆ మట్టి మీద కప్పేశాడు. ఇటు సువర్చల కూడా ఫైలును గుండెలకు హత్తుకుని దాని మీద పైట కప్పింది. ఒకరినొకరు ఎన్నడూ చూసి ఎరగరు, ఒకరి పేరొకరికి తెలియదు, కానీ దొంగ మాత్రం ఎదుటివాళ్ళేనని ఇద్దరికీ అప్పటికే ఖాయమైపోయింది. చదువుకున్నవాళ్ళ శత్రుత్వానికి పరిచయంతో పనిలేదు.

మాస్టారు ఒక ఎత్తు పీట లాక్కుని కూర్చున్నారు.

"కంగారుపడకండి. మీరు కనుక్కున్నవి మీ దగ్గరే దాచుకోండి, నాకక్కర్లేదు" అన్నారు. "పనికిరావని పక్కన పెట్టినవి ఉంటాయి గదా, అవి చూపించండి చాలు."

ఇద్దరూ తేలికపడ్డారు. చెత్తబుట్టకు తాళం వేసుకునేవాళ్ళు ఎక్కడా ఉండరు. సువర్చల ధైర్యంగా ఫైలు విప్పి, రెండొందల పన్నెండో పేజీ అడుగున ఉన్న ఫుట్‌నోట్ చూపించింది. చింతలరేవు మునిగింది సౌమ్య నామ సంవత్సరం శ్రావణంలోనని మూడు ఊళ్ళ కవిలెలు ఒకే మాటగా చెబుతున్నాయి. ఎగువన ఉన్న నాలుగో ఊరి కరణం మాత్రం, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, ప్రమాదీచ నామ సంవత్సరం అని రాశాడు. నాలుగేళ్ళు తేడా.

"ముసలాయన ఎప్పుడో తీరిగ్గా గుర్తు చేసుకుని రాసుంటాడండి. మతిమరుపు. అందుకే లేఖకుని పొరపాటు అని కింద పెట్టేశాను" అంది.

ఇక ఇమ్మానుయేలు వంతు. తువ్వాలు పై కొస మాత్రం పొదుపుగా ఎత్తి, నల్లటి ఒండ్రు మధ్య అడ్డంగా ఉన్న ఒక తెల్లటి ఇసుక పట్టీ చూపించాడు.

"మామూలు వరద సన్నటి ఒండ్రు పరిచి పోతుందండి. ఊళ్ళు తుడిచిపెట్టే వరదొస్తేనే ఇంత ఇసుక పడుద్ది. నా అసలు వరద ఇంకా కింద ఉందండి, అది చూపించను. ఇది ఉత్తుత్తిదండి. పైపు దిగేటప్పుడు కింది ఇసుకే పైకి ఎగదన్నుకొచ్చిందని వదిలేశాను. ఆ రోజుల్లో వచ్చింది ఒక్క వరదేనని మా శాఖ పాత నివేదికలోనే ఉంది గదండీ."

"నేనూ ఆ నివేదిక చూసే ఒక్క వరద అని నమ్మానండి" అంది సువర్చల. "మట్టి అబద్ధం చెప్పదు గదా అనుకున్నాను."

ఇమ్మానుయేలు ఆమె వైపు వింతగా చూశాడు. "ఆ మాటకు మా నివేదికలో ఆధారం మట్టి కాదు మేడం. మీ జిల్లా చరిత్ర పుస్తకమండి."

చరిత్ర పుస్తకం మీద మట్టి వాళ్ళు, మట్టి నివేదిక మీద చరిత్ర వాళ్ళు భారం వేసి, ఇన్నేళ్ళూ హాయిగా నిద్రపోయారన్నమాట. సువర్చలకు ఒక ఆలోచన తట్టింది.

"రెండు ఇసుక పట్టీల నడుమ సన్నపు పొరలేమైనా ఉన్నాయా అండీ?"

"ఉన్నాయండి. ఏటికొకటి చొప్పున పడతాయి. ఎన్నో లెక్కపెట్టలేదు. ఉత్తుత్తిదనుకున్నాక లెక్కెందుకని."

సువర్చల నోరు తెరవబోయింది. మాస్టారు చెయ్యెత్తి ఆపారు. "నువ్వు చెప్పకు. అతన్ని లెక్కపెట్టనీ."

ఆమె నోరు మూసుకుని, చెయ్యి వెనక్కి పెట్టుకుని వేళ్ళు మడిచింది. సౌమ్య పోయాక సాధారణ, విరోధికృతు, పరీధావి, ఆ తర్వాతే ప్రమాదీచ. చిన్నప్పుడు తాతగారు దండించి మరీ వల్లె వేయించిన అరవై సంవత్సరాల పేర్లు, ఇంత తీయగా ఉంటాయని ఆమెకు ఈ రోజే తెలిసింది.

ఇమ్మానుయేలు భూతద్దం తెచ్చాడు. పై పట్టీ నుంచి మొదలుపెట్టాడు. కిందకు దిగుతున్నకొద్దీ తువ్వాలు అడ్డొస్తోంది. విసుక్కుని, ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా దాన్ని లాగి నేల మీద పడేశాడు. ఇంతసేపూ దాచిన కింది ఇసుక పట్టీ తెల్లగా బయటపడింది. ఆ రెండింటి నడుమ మట్టి పూతరేకులా పొరలు పొరలుగా ఉంది. సూది మొనతో ఒకటి తాకాడు. రెండు తాకాడు. ఆగాడు. దీపం దగ్గరకు లాక్కున్నాడు. అతను మళ్ళీ మొదటికి వెళ్ళి, ఈసారి కింద నుంచి పైకి వచ్చాడు.

"మూడండి" అన్నాడు తల ఎత్తకుండానే. "తీరుగా ఉన్నాయండి. ఎగదన్నుకొచ్చిన ఇసుకైతే నడుమ పొరలు ఇంత తీరుగా ఉండవు. ఇది వేరే వరద. మేడం, ఇది నిజంగా వచ్చిన వరదండి."

సువర్చల వెనక నుంచి చెయ్యి తీసి ముందుకు చాపింది. మడిచిన వేళ్ళు మూడు. సౌమ్యకూ ప్రమాదీచకూ నడుమ ఉన్న ఏళ్ళు కూడా సరిగ్గా మూడేనని చెప్పేసరికి ఇమ్మానుయేలు భూతద్దం బల్ల మీద పెట్టి రెండు చేతులా తల పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. ఆమె ఫైలు అతని చేతిలో ఉంది, అతని సూది ఆమె చేతిలో ఉంది, ఎవరిదేదో ఇద్దరికీ పట్టలేదు. ఊరు ఒకసారి మునిగింది. మిగిలినవాళ్ళు తిరిగొచ్చి, అదే ఇసుక మీద మళ్ళీ గుడిసెలు వేసుకున్నారు. నాలుగేళ్ళు తిరిగేసరికి గోదావరి మళ్ళీ వచ్చింది. ఆ రెండోసారి సంగతి ఎగువ ఊరి కరణం ఒక్కడే రాశాడు.

ఆ మాట దగ్గర సువర్చల ఆగిపోయింది. కళ్ళు చెమర్చాయి.

"ఆయనకి మతిమరుపని రాశానండీ నేను" అంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "మాస్టారూ, సోమవారం ఇవ్వలేనండి. మొత్తం తిరగరాయాలి" అంది. అన్నది బాధపడుతూ కాదు. పండగ పిండివంటకు పూనుకున్న మనిషిలా కొంగు నడుముకు దోపుకుంటూ అంది.

ఇమ్మానుయేలు సదస్సు వాళ్ళకు ఫోను కలుపుతున్నాడు, తన ప్రసంగం ఆపమని.

మాస్టారు పీట మీంచి లేచారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"ఇద్దరూ ఒకే మాట చెప్పేస్తారేమోనని భయపడుతూ వచ్చావు గదమ్మాయ్" అన్నారు. "ఒక్క వరదేనని ఇద్దరూ చెప్పేసి ఉంటే అదే నిజమైపోయేది. భయపడవలసిన సంగతే."