మొలకెత్తిన ముత్యం

పెన్నగట్టు అని ఒకానొక రాజ్యం. దానికి సుందరభూపతి రాజు. పేరుకు తగ్గ అందగాడే, కాదనను. కానీ ఆ అందం మీద ఆయనకు ఎంత మురిపెమో, అది ఎక్కడ తరిగిపోతుందోనని అంత అనుమానం. వంటవాడి మీద అనుమానం, మంత్రి మీద అనుమానం, ఆఖరికి అద్దం మీద కూడా అనుమానమే. "నిన్నటికంటే ఇవాళ ఈ అద్దం నన్ను పెద్దవాడిగా చూపిస్తోంది. దీన్ని మార్చిందెవరు?" అని ఒకసారి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా భటులందరినీ నిలబెట్టి అడిగిన ఘనుడాయన.

ఆయనకు ఇంకో అలవాటు కూడా ఉంది. నలుగురికీ ఉన్నది ఏదైనా సరే ఆయనకు గిట్టదు. "నలుగురూ తినేది నేను తినను, నలుగురూ కట్టేది నేను కట్టను, నలుగురూ వాడేది నేను వాడను" అని నోరు తెరిస్తే ఇదే మాట.

ఈ మాట ఎలా విన్నాడో విన్నాడు, సముద్రం అవతలి నుంచి మణిదత్తుడనే వర్తకుడు ఊడిపడ్డాడు. చేతిలో ఒక పింగాణీ జాడీ.

"మహాప్రభూ! ఇది చంద్రకాంతి చూర్ణం. మేలిజాతి ముత్యాలు ఏరి, మెత్తగా నూరి, నలభై రాత్రులు వెన్నెట్లో ఎండబెట్టింది. ముఖానికి రుద్దుకుంటే ముసలితనం దరికి రాదు. ఖరీదు మాత్రం, జాడీకి ఒక ఏనుగు."

సభలో అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. మణిదత్తుడు గొంతు తగ్గించి, "చవగ్గా ఇస్తే నలుగురూ కొంటారు కదా ప్రభూ" అన్నాడు.

అంతే, రాజు పడిపోయాడు.

మొత్తం ఏడు ఏనుగులుండేవి గజశాలలో. మూడేళ్ళలో ఆరు ఏనుగులు ఆరు జాడీలయ్యాయి. మిగిలింది ఒక్క లచ్చి. పుట్టినరోజే తల్లి పోతే, మావటి సింగన్న దానికి ఆవుపాలు పట్టి బతికించాడు. పిల్లాజెల్లా లేని మనిషి, అదే ఆయన సంసారం.

ఆ సింగన్నకు ఒక అక్క ఉంది, ఓబాంబ. మన కథ ఆవిడదే. కోటలో రాజుగారికి జలకమాడించేది ఆవిడ. రాజు పొత్తిళ్ళలో ఉన్నప్పుడు కాళ్ళ మీద పడుకోబెట్టుకుని లాలపోసింది కూడా ఆవిడే కనుక, దాది అన్న గౌరవం ఉండేది. నోరు కాస్త పదును. కోటలో రాజుకు ఎదురు మాట్లాడి మళ్ళీ మర్నాడు పనిలోకి వచ్చేది ఆవిడ ఒక్కతే.

ఒకనాటి ఉదయం ఓబాంబ చూర్ణం కలుపుతోంది. ముక్కుకీ నోటికీ అడ్డంగా గుడ్డ కట్టుకుంది. ఊపిరి తగిలితే ముత్యపు కాంతి చస్తుందని మణిదత్తుడు పెట్టిన నియమం అది. రాజు అద్దంలో తన ముఖం చూసుకుంటూ ఉన్నట్టుండి ఆవిడ ముఖం వంక చూశాడు. గుడ్డ పైనుంచి కనిపించే నుదురు నున్నగా నిగనిగలాడుతోంది.

"దాదీ, నీ వయసెంత?"

"తమ వయసుకు పాతిక కలుపుకోండి ప్రభూ."

"మరి నీ ముఖాన ఒక్క ముడత లేదేం?"

"ముడత పడేంత తీరిక నాకెక్కడ ఇచ్చారు ప్రభూ!"

రాజు నవ్వలేదు. లేచి వచ్చి జాడీలోకి తొంగిచూశాడు. వేలు పెట్టి అడుగు తడిమాడు.

"ఆరు నెలలు రావాల్సిన జాడీ నాలుగు నెలలకే అడుగంటింది. ఇటు నా చూర్ణం తరుగుతోంది, అటు నీ ముఖం మెరుస్తోంది. నాకు లెక్క తెలియదనుకున్నావా?"

ఓబాంబకు ఒళ్ళు మండింది. "దీన్ని నేనెందుకు ముట్టుకుంటాను ప్రభూ? ఇంట్లో పెసలు విసురుకుని, ఇంత పసుపూ కచ్చూరాలూ కలిపి..."

"చాలించు! పెసరపిండికి ఈ నిగారింపు వస్తుందంటే నమ్మడానికి నేనేం పసివాణ్ణా? అది నలుగురూ రుద్దుకునేది. నలుగురి ముఖాలూ ఇలా ఉన్నాయా?"

'నలుగురి ముఖాలూ తమరెప్పుడు చూశారు' అని నాలిక చివరిదాకా వచ్చింది ఆవిడకు. మింగేసింది.

"రేపు మణిదత్తుడు కొత్త జాడీ తెస్తున్నాడు. లచ్చిని ఇచ్చి పుచ్చుకుంటాను. ఆ సభలోనే నువ్వు దొంగవు కావని రుజువు చేసుకో. లేదంటే సూర్యుడు వాలేలోగా పొలిమేర దాటు" అన్నాడు రాజు.

ఓబాంబ గజశాలకు వెళ్ళేసరికి సింగన్నకు అప్పటికే కబురు అందింది. లచ్చి ముందు బెల్లం కలిపిన పెసరముద్ద పెట్టి, దాని కాలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"అక్కా, ఆ వర్తకుడు దీన్ని ఓడ ఎక్కిస్తాడంట. దీనికి ఏరు దాటాలంటేనే బెదురు. సముద్రం మీద ఇది బతకదక్కా" అని భోరుమన్నాడు. ముద్ద మీద నుంచి తొండం ఎత్తి లచ్చి ఆయన తల తడిమింది.

ఓబాంబ తిరిగి కోటకు వచ్చి, జలకాల గది వెనక తూము దగ్గర కూలబడింది. రాజుగారి అనుమానం అంటురోగమై ఆవిడకూ అంటుకుంది కాబోలు, ఒక్కొక్కటీ తవ్వుకోవడం మొదలుపెట్టింది. ముత్యాలు రాయిలాంటివి కదా, ఊపిరి తగిలితే వాటికి పోయేదేముంది? నన్ను ముక్కు మూసుకోమన్నది ముత్యం కోసమా, నా ముక్కుకు భయపడా? వేడినీళ్ళు పోసినప్పుడల్లా చూర్ణంలోని పునుగూ జవ్వాదీ ఘాటు అడుగున గుడ్డలోంచి కూడా తగిలే ఆ పచ్చివాసన, నాకు బాగా తెలిసిందే, ఎక్కడిదది?

తూము దగ్గర వంటశాల కోళ్ళు రెండు, పారిన నురుగులో ముక్కులు పెట్టి గబగబా ఏరుకుంటున్నాయి. ఓబాంబ వాటిని చూసింది. కోళ్ళు ముత్యాలు తింటాయా?

అదిలించి వంగి చూసింది. తూము అంచున, రాతి సందులో, రెండు లేత ఆకులు విచ్చుకున్న మొలక ఒకటి నిటారుగా నిలబడి ఉంది. తిరగలిని తప్పించుకున్న గింజ అది. ఓబాంబ దాన్ని వేళ్ళు తెగకుండా పెకలించి చిన్న ముంతలో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే జలకమాడించింది. చూర్ణం రుద్దింది, నీళ్ళు పోసింది, ఒళ్ళు తుడిచింది. ఎప్పుడూ లేనిది రాజు కిరీటం సర్దుకుంటూ విసుక్కున్నాడు.

"దాదీ, చెవి వెనక ఏదో అంటుకున్నట్టుంది."

"కిరీటం ఒత్తుకుంటోందేమో ప్రభూ" అంది ఓబాంబ, తల వంచుకుని.

ఏనుగును అప్పగించే రోజు కనుక సభ కోట ముంగిట్లో పందిరి కింద జరిగింది. మణిదత్తుడు కొత్త జాడీ పట్టుకుని వచ్చాడు. లచ్చిని తెచ్చి ఒక పక్కన నిలబెట్టారు. సింగన్న ముఖం చూడలేకుండా ఉంది.

"ఏం దాదీ, దొంగ దొరికాడా?" అన్నాడు రాజు.

"దొరికినట్టే ప్రభూ. దానికంటే ముందు ఒక వింత చిత్తగించండి." ఓబాంబ ముంత తీసి ముందు పెట్టింది. "తమ జలకాల గది తూము దగ్గర ముత్యం మొలకెత్తింది!"

సభంతా గొల్లుమంది. మణిదత్తుడు నవ్వలేదు, చటుక్కున ముందుకొచ్చాడు. "మహాప్రభూ, అది పెసర మొలక. తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఈవిడే నాటి తెచ్చింది!"

రాజు గడ్డం నిమురుకున్నాడు. "అదీ నిజమే. నువ్వే నాటి ఉండవచ్చు కదా?"

చూసిన కోళ్ళు సాక్ష్యం చెప్పవు, చెప్పినా ఈయన నమ్మడు. అయినా ఓబాంబ తొణకలేదు.

"మనుషుల మాట తమరు ఎలాగూ నమ్మరు ప్రభూ. నోరు లేనిదాన్ని సాక్షిగా పిలుస్తాను. లచ్చి ముందు ఆ జాడీ మూత తీయించండి."

"అది నీ తమ్ముడి ఏనుగు. వాడేదో నేర్పి ఉంటాడు."

"అయితే సింగన్నను కోట అవతలికి పంపండి. జాడీ నేను ముట్టుకోను. మూత మణిదత్తుల వారే తీస్తారు. చూర్ణం ఆయనది, చెయ్యి ఆయనది. ఇందులో నాదేముంది?"

రాజు ఎంత వెతికినా ఇందులో అనుమానించడానికి ఏమీ దొరకలేదు. అప్పుడు దొరికిందల్లా మణిదత్తుడి ముఖం. అది పాలిపోయి ఉంది.

"మహాప్రభూ, పశువు చూపు పడితే చూర్ణం మహిమ పోతుంది" అన్నాడు వర్తకుడు.

"నిన్నటిదాకా ఊపిరి తగిలితే పోతుందన్నావు. ఇవాళ చూపు పడితే పోతుందంటున్నావు. ఏనుగు వెలకు కొన్నది ఏనుగు చూస్తే పోవడమేమిటి?" రాజు కళ్ళు చికిలించాడు. "మూత తియ్యి."

సింగన్నను అవతలికి పంపారు. మణిదత్తుడు మూత తీశాడో లేదో, లచ్చి చెవులు విప్పింది. తొండం చాచి ఒక్కసారి వాసన పీల్చింది. అంతే, జాడీలోకి తొండం దూర్చి, ఇంత పిండి తీసుకుని నోట్లో వేసుకుంది. మళ్ళీ దూర్చింది, మళ్ళీ వేసుకుంది. మణిదత్తుడు జాడీ లాక్కోబోతే ఆయన్ని కూడా కలిపి లాగింది. చూస్తుండగానే జాడీ ఖాళీ.

"ప్రభూ! ఏనుగు ముత్యాలు తినేదైతే తమ ముత్యాలహారం ఈపాటికి ఉండేదా? ప్రతి ఊరేగింపులోనూ అది తమ మెడలో ఉంది, తమరు లచ్చి మీద ఉన్నారు. ఏనాడైనా తొండం ఎత్తి చూసిందా?" అంది ఓబాంబ.

రాజు మాట్లాడబోయాడు. అంతలో లచ్చి రెండడుగులు ముందుకు వేసి, తొండం చాచి, సరాసరి మహారాజుగారి చెవి వెనక పెట్టింది. భటులు ఈటెలు ఎత్తారు. మంత్రి కళ్ళు మూసుకున్నాడు. లచ్చి మాత్రం ఎంతో నెమ్మదిగా ఆ చెవి వెనక తడిమి, అక్కడున్నది కాస్తా తీసి నోట్లో పెట్టుకుంది. ఇంకా ఉందేమోనని కిరీటం పక్కకు నెట్టి రెండో చెవి కూడా వెతికింది.

"ఒసేయ్ దాదీ!" అన్నాడు రాజు, కదలకుండా కూర్చునే. "చెవి వెనక కావాలనే వదిలావు కదూ?"

"కావాలనే ప్రభూ. తమరు జాడీని అనుమానిస్తారు, నన్ను అనుమానిస్తారు, ఏనుగునూ అనుమానిస్తారు. తమ చెవిని తమరు అనుమానించలేరు కదా అని."

రాజు చెవి తడుముకున్నాడు. తడిగా ఉంది.

"అయితే మూడేళ్ళుగా నేను రుద్దుకుంటున్నది?"

"పెసరపిండే ప్రభూ. మన సంతలో పెసలే అయ్యుంటాయి. పైన ఇంత జవ్వాది. తమ ముఖం మెరిసిన మాట నిజమే. పొత్తిళ్ళలో నేను లాలపోసినప్పుడూ దాంతోనే మెరిసింది. నా ముఖానికీ అదే. తేడా అల్లా, నా పిండి ఏనుగును మింగలేదు."

"దాని పేరేమిటో చెప్పు. ఈసారి పూర్తిగా వింటాను."

"నలుగు అంటారు ప్రభూ" అని చేతులు జోడించింది ఓబాంబ. "నలుగురికీ దొరుకుతుంది గనక!"

ఒక్క క్షణం రాజు ముఖం కందగడ్డ అయింది. మరుక్షణం పెదవులు వణికాయి. ఆ తరువాత సుందరభూపతి పగలబడి నవ్వాడు. కిరీటం జారిపోతున్నా పట్టించుకోకుండా, లచ్చి తొండం పట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఆయన నవ్వు చూసి సభ కూడా ధైర్యం చేసింది.

ఏడోది కూడా చేతికొచ్చాక ఒకేసారి ఓడ ఎక్కిద్దామని ఆరు ఏనుగులనూ రేవులోనే ఉంచానని, అది త్వరగా రావాలని చివరి జాడీ వెలితిగా నింపానని మణిదత్తుడు తనంతట తానే ఒప్పేసుకున్నాడు. అవి సాయంత్రానికల్లా గజశాలకు తిరిగి వచ్చాయి. ఏడు ఏనుగులకూ ఏడాదిపాటు రోజూ పెసలు విసిరే పని ఆయనకే అప్పగించారు. ముక్కుకు గుడ్డ మాత్రం కట్టుకోవద్దన్నారు. పరుగెత్తుకొచ్చిన సింగన్న లచ్చిని వాటేసుకుని, ఎవరున్నారో చూసుకోకుండా ఏడ్చాడు.

"దాదీ, నిన్ను దొంగవన్నాను. మనసులో పెట్టుకోకు" అని రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి ఓబాంబ చేతిలో పెట్టాడు.

ఓబాంబ హారాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎండలోకి ఎత్తి చూసింది. వాసన చూసింది. అప్పటికీ తృప్తి కలగక, తీసుకెళ్ళి లచ్చి ముందు పట్టుకుంది. లచ్చి ఒకసారి తొండం ఆనించి, ముఖం పక్కకు తిప్పేసుకుంది.

"అయితే నిజం ముత్యాలే" అని ఓబాంబ హారాన్ని కొంగున ముడివేసుకుంది.