పక్కకు తోసిన పల్లీలు

బుచ్చన్న సార్‌ను ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పగిస్తాడు. బడిలో లెక్కలు చెప్పిన రోజుల్లోనూ అంతే, రిటైరై చెలకలో సేద్యం చూసుకుంటున్న ఈ రోజుల్లోనూ అంతే. ఆ పద్ధతి నచ్చక కొందరు రావడం మానేశారు. మణెమ్మ మానలేదు. ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు పక్క ఊరి సర్కారు హైస్కూలును ఇన్‌చార్జిగా నడుపుతున్న మణెమ్మకు, మనసు బరువెక్కినప్పుడు వెళ్ళడానికి ఆ ఇల్లు తప్ప వేరే దిక్కు లేదు.

ఆ ఆదివారం వచ్చేసరికే ఆమె బాగా అలసిపోయి ఉంది. జిల్లా చిన్నది, కొత్తది. పేరు తెచ్చుకోవాలన్న ఆరాటం మాత్రం పెద్దది. పోయిన ఏడు పదో తరగతి ఫలితాల్లో ఆమె బడి అట్టడుగున నిలిచింది. సమీక్షా సమావేశంలో ఆమెను అందరి ముందు నిలబెట్టి, చేతికి మైకిచ్చి, కారణం చెప్పమన్నారు. సగం మంది పిల్లల తల్లిదండ్రులు పుణెకూ బొంబాయికీ కూలికి పోయారనీ, లెక్కల టీచరు పోస్టు ఖాళీగా ఉందనీ చెప్పబోతే సాకులొద్దన్నారు. అదే సమావేశంలో పక్క మండలం బడికి నూటికి నూరు వచ్చిందని శాలువా కప్పారు. ఆ నూరు ఎలా వచ్చిందో కప్పినవాళ్ళకూ తెలుసు, కప్పించుకున్నాయనకూ తెలుసు. తప్పుతారనుకున్న పిల్లల పేర్లు పరీక్షకు పంపరు. హాజరు చాలలేదు, వచ్చే ఏడు రాద్దువులే అని ఇంటికి పంపేస్తారు. పరీక్షే రాయనివాడు తప్పడు కదా. ఈ ఏడు మనమూ ఆ పనే చేద్దామని తోటి టీచర్లు ఆమెకు చెప్పారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, వాళ్ళూ విసిగిపోయారు.

ఆపవలసిన నలుగురెవరో కూడా అనుకున్నారు. అందులో శివలీల ఒకతి. ఆ పిల్ల అమ్మానాన్నలు పుణెలో మేడలు కట్టే చోట పనిచేస్తారు. ఆమెను అవ్వ దగ్గర వదిలి వెళ్ళింది ఈ పరీక్ష కోసమే. పరీక్ష లేదని తెలిస్తే వచ్చి తట్ట మోయడానికి తీసుకుపోతారు, ఇక ఆమెకు వచ్చే ఏడు అనేది ఉండదు. ఇదంతా మణెమ్మకు తెలుసు. తెలిసే అడిగింది.

"నలుగురి కోసం బడి మొత్తం తల దించుకోవాల్నా సార్?"

సార్ లేచాడు. లోపలికి పోయి, యాసంగి పంటకు విత్తడానికి తెచ్చిన పల్లీగింజల సంచి లాక్కొచ్చి ఆమె ముందు పెట్టి, మొలక చూడాలన్నాడు. ఆ ప్రాంతంలో విత్తే ముందు అందరూ చేసే పనే అది. సంచిలో చెయ్యి పెట్టి, వచ్చింది వచ్చినట్టు గుప్పెడు తీసి, తడి గోనెగుడ్డలో చుట్టి పెడతారు. వారం ఆగి ఎన్ని మొలిచాయో చూస్తారు. దాన్ని బట్టి ఎంత విత్తనం పడుతుందో తేల్చుకుంటారు. మణెమ్మ రైతు ఇంటి బిడ్డే కాబట్టి నేర్పే పని లేకపోయింది. గింజలు చాటలో పోసుకుని కూర్చుంది. సమావేశం గురించీ, చేతికి మైకిచ్చి నిలబెట్టిన సంగతీ చెబుతూనే ఉంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఎర్రగా నిండుగా ఉన్న గింజలు గోనెగుడ్డ మీదికి చేరాయి. ముడతలు పడ్డవీ, పొట్టు లేచినవీ చాట అంచుకు పోయాయి. సార్ అది చూశాడు. వచ్చే ఆదివారం రమ్మని పంపేశాడు.

ఆ వారం మణెమ్మకు కడుపునిండా తిండి లేదు, కంటినిండా నిద్ర లేదు. పేర్లు పంపడానికి ఆ వచ్చే ఆదివారం మర్నాడు, సోమవారమే గడువు. మధ్యలో ఒకరోజు శివలీల పరీక్షలో రాసుకోవడానికి కొత్త అట్ట కొనుక్కుని, తెచ్చి మరీ చూపించింది. బాగుందే అంది మణెమ్మ. అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆదివారం ఆమె స్వయంగా మూట విప్పింది. గింజ గింజా పగిలి తెల్లగా మొలిచింది. వారం రోజుల్లో ఆమె కళ్ళబడ్డ మంచి అదొక్కటే.

"నూటికి నూరు సార్," అంది.

అయితే సంచి విత్తనం చెలకకు సరిపోతుందా అని సార్ అడిగాడు. సరిపోతుందని చెప్పింది. అప్పుడాయన వసారా మూలనుంచి ఇంకో తడి మూట తెచ్చి ఆమె ముందు విప్పాడు. అవి ఆమె చాట అంచుకు తోసిన గింజలు. చాలావరకు బూజుపట్టి కుళ్ళాయి. ముక్కు మూసుకోవాల్సినంత వాసన. తన మాట నమ్మి సార్ విత్తి ఉంటే చెలక నిండా ఖాళీలే మిగిలేవని మణెమ్మకు అర్థమైంది. చదువురాని రైతు కూడా చేయని పొరపాటు అది. ఎప్పుడు నేర్చుకున్నాయో గానీ, ఆమె చేతులు ఆమెను అడక్కుండానే ఏరడం నేర్చుకున్నాయి.

"సంచిని చూడమన్న బిడ్డా," అన్నాడు సార్. "సంచికి పేరు తెమ్మనలే."

ఆమె తల దించుకుని ఆ కుళ్ళిన గింజల్ని వేలితో కదిపింది. వాటి మధ్య అక్కడక్కడ కొన్ని మొలిచి ఉన్నాయి. సన్నగా, వంకరగా, ఇప్పుడిప్పుడే.

అంతలో ఫోను మోగింది. పేర్లు కంప్యూటర్లో ఎక్కించే టీచరు. ఆ నలుగురినీ తీసేయమంటారా అని అడుగుతున్నాడు. మణెమ్మ వేలికంటిన బూజు తుడుచుకుంది. తర్వాత అందరి పేర్లూ పంపమంది. అవతలి మనిషి సమావేశంలో మైకు సంగతి గుర్తుచేశాడు. గుర్తుందనే చెప్పింది. ఫోను పెట్టేశాక గోడకు జారగిలబడింది. సంతోషమేమీ కలగలేదు. మళ్ళీ నిలబెడతారు, మళ్ళీ సాకులొద్దంటారు. శివలీల తప్పినా తప్పవచ్చు.

ముడతల గింజ ఒకటి చేతిలోకి తీసుకుని దాని మొలక చూస్తూ అడిగింది.

"ఇవి మొలుస్తయని మీకు ముందుగాలనే ఎరుకనా సార్?"

బుచ్చన్న సార్ గోనెగుడ్డ మీద ఇన్ని నీళ్ళు చల్లాడు.

"ఎరుకుంటే తడుపుడెందుకు బిడ్డా?"