తవిటమ్మలో పదో వంతు

గుమ్మటూరు విశ్వవిద్యాలయంలో ఉన్న తెలివంతా శాసనాల శాఖలోనే ఉందని శాసనాల శాఖవాళ్ళకి గట్టి నమ్మకం. పాత రాళ్ళమీద రాతలు చదవడం నేర్పే శాఖ అది. మాస్టార్లు ముగ్గురు: పెద్ద ధర్మలింగం, ఆయన కింద సోమిదేవమ్మ, పున్నయ్య. విద్యార్థి ఒక్కతే, తవిటమ్మ.

"మిగతా శాఖల్లో మొహం చూసి మార్కులు వేస్తారు. మనం రూలు ప్రకారం వేస్తాం," అని ధర్మలింగం రోజుకి రెండుసార్లు పిడికిలెత్తేవాడు. "రూలు ముందు అందరూ సమానులే!"

తవిటమ్మకి పక్క జిల్లా మ్యూజియంలో ఉద్యోగం వచ్చింది. శుక్రవారం సాయంత్రంలోగా మార్కుల జాబితా చూపించాలి. లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

బుధవారం దిద్దడానికి కూర్చున్నారు. ఎవరి పేపరో దిద్దేవాళ్ళకి తెలియకూడదని రూలు. అంతే, పేరున్న చీటీ చింపి కవరులో పెట్టి లక్క వేశారు. పేపరుమీద ఒకటో నంబరు వేశారు.

తవిటమ్మ గుమ్మంలోకి వచ్చింది. "సార్, నా పేపరు దిద్దారా?"

ముగ్గురూ టపీమని కళ్ళు మూసుకున్నారు.

"ఎవరమ్మా నువ్వు? చెప్పకు!" అన్నాడు ధర్మలింగం.

"రాసింది నేనొక్కదాన్నే కదా సార్!"

"అయ్యో, చెప్పేసింది! పున్నయ్యా, విన్నావా?"

"వినలేదండీ. తవిటమ్మ ఏమందో నాకేం తెలుసు?"

ఒకటో నంబరుకి ఎనభై రెండు వచ్చాయి. బాగా రాసిందని ధర్మలింగానికి ముచ్చటేసింది. కానీ ముచ్చటకి రూల్లో చోటు లేదు. అందరిలోకీ ఎక్కువ వచ్చిన మార్కుని తొంభై అయిదు చెయ్యాలి. అందరిలోకీ తక్కువ వచ్చిన మార్కుని ముప్ఫై అయిదు చెయ్యాలి. మధ్యవాళ్ళని మధ్యలో సర్దాలి.

"అందరిలోకీ ఎక్కువ ఎవరికి?"

"ఒకటో నంబరుకి," అంది సోమిదేవమ్మ.

"తక్కువ?"

"ఒకటో నంబరుకే. పాపం!"

ఇంకేముంది! రెండూ వేసేశారు. లక్క పగలగొట్టి కవరు తెరిచారు. "ఆహా, తవిటమ్మా! ఎవరనుకున్నాం!" అని ముగ్గురూ ఆశ్చర్యపోయారు.

"ఇందులో నా మార్కు ఏది సార్?" అంది తవిటమ్మ.

"రెండూ నీవే. పైదానికి గర్వపడు, కిందదానికి సిగ్గుపడు."

"సరే, పడతాను. జాబితా ఇచ్చెయ్యండి."

"ఆగమ్మా, ఇంకో రూలుంది. ప్రతి తరగతిలోనూ పది శాతం ఫెయిల్ కావాలి. ఎవరూ ఫెయిల్ కాకపోతే అదేం చదువని లోకం నవ్వదూ?"

తరగతంతా తవిటమ్మే. తవిటమ్మలో పది శాతం ఎంత? హాస్టల్ మెస్సులో బియ్యం బస్తాలు తూచే కాటా తెప్పించారు. తవిటమ్మ సరిగ్గా యాభై కిలోలు తూగింది. అంతే, అయిదు కిలోలు ఫెయిల్ కావాలి!

ఏ అయిదు కిలోలు? కళ్ళు ప్రశ్నలు చదివాయి, పాస్. చెవులు పాఠాలు విన్నాయి, పాస్. కాళ్ళు హాలుదాకా నడిచాయి, పాస్. కుడిచెయ్యి రాసింది, ఫస్టు క్లాసు.

"ఎడమచెయ్యి ఏం చేసింది?" అన్నాడు పున్నయ్య.

ఎడమచెయ్యి కాటామీద పెట్టమన్నారు. తవిటమ్మ ఒళ్ళు మండి గట్టిగా నొక్కింది. సరిగ్గా అయిదు కిలోలు! న్యాయం జరిగిందని ధర్మలింగం కళ్ళు చెమర్చాయి. ఫలితం బోర్డుమీద అంటించేశారు.

"సార్! నేను రాసేదే ఎడమచేత్తో!"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. "ముందే చెప్పొద్దూ?" అంది సోమిదేవమ్మ. "అంటించిన ఫలితం పీకడానికి రూలు లేదు. ఎడమచేతికి శుక్రవారం పొద్దున సప్లిమెంటరీ పెడదాం."

పాసయినవాళ్ళు సప్లిమెంటరీ హాల్లోకి రాకూడదు. అంతే, తవిటమ్మ బెంచీని గుమ్మానికి అడ్డంగా వేశారు. ఎడమచెయ్యి లోపల రాస్తోంది. మిగతా తవిటమ్మ వరండాలో ఉంది. కుడిచెయ్యి లోపలికి జవాబులు అందించకుండా పున్నయ్య దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

ఎడమచేతికి తొంభై నాలుగు వచ్చాయి.

"శభాష్! మొత్తం తవిటమ్మ పాస్!" అని సోమిదేవమ్మ చప్పట్లు కొట్టింది.

ధర్మలింగం మొహం మాడిపోయింది. "మొత్తం పాసయితే పది శాతం ఎక్కడిది? కాటా తెండి."

తవిటమ్మకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "సాయంత్రంలోగా అక్కడికి చేర్చే ఆఖరి బస్సు పదకొండున్నరకి సార్! ఎవరో ఒకరు ఓడిపోతే తప్ప మీకు చదువు చెప్పినట్టు ఉండదా? అంత అవసరమైతే మీరే ఫెయిల్ అవచ్చు కదా!"

ఆ మాట ధర్మలింగం గుండెలో సూటిగా దిగింది. ఇన్నేళ్ళుగా నినాదాలు ఇచ్చాడు గానీ, నిజంగా త్యాగం చేసే అవకాశం ఎప్పుడొచ్చింది?

"త్యాగం లేనిదే మార్పు లేదు!" అని పిడికిలెత్తాడు. "రాయండి! ఈ ఏడు శాసనాల శాఖలో ఫెయిలయింది ధర్మలింగం!"

తవిటమ్మ జాబితా లాక్కుని వెనక్కి చూడకుండా పరుగెత్తింది. బస్సు దొరికింది, ఉద్యోగమూ దొరికింది.

ఫెయిలైనవాడు తరగతిలో కూర్చోవాలి కదా. ధర్మలింగం బుద్ధిగా తవిటమ్మ బెంచీలో కూర్చుని ఏడాదంతా చదివాడు. పరీక్ష రాశాడు. ఆ ఏడు కూడా విద్యార్థి ఒక్కడే. ఇంకేముంది, కాటా వచ్చింది. అరవై కిలోలు. ఆరు కిలోలు ఫెయిల్ కావాలి.

"చెయ్యి రాసింది, కళ్ళు చదివాయి," అన్నాడు పున్నయ్య. "మరి తల ఏం చేసింది మాస్టారూ?"

ధర్మలింగం నిజాయితీపరుడు. ఎంత ఆలోచించినా, తల ఏం చేసిందో గుర్తుకు రాలేదు. కాటామీద ఆనించి చూశారు. సరిగ్గా ఆరు కిలోలు.

తలకి సప్లిమెంటరీ పెట్టారు. మిగతా ధర్మలింగం పాసయ్యాడు కాబట్టి హాల్లోకి రాకూడదు. కిటికీలోంచి తల ఒక్కటే లోపల పెట్టి, మూడు గంటలు ప్రశ్నపత్రం వంక చూస్తూ నిలబడ్డాడు. చేతులు బయట ఉన్నాయి. కాగితం తెల్లగా ఉంది. సోమిదేవమ్మ అటూ ఇటూ తిప్పి చూసి సున్నా వేసింది.

"చూశారా!" అన్నాడు ధర్మలింగం, కిటికీలోంచే గర్వంగా తల ఊపుతూ. "ఒక్క ముక్క రాయలేదు. దీన్ని ఫెయిల్ చెయ్యడం ఎంత న్యాయమో!"